కుక్క ఇచ్చిన పన్ను

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ తిరిగింది మా తమ్ముడి పన్ను. వాడి నోట్లోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి నాయనమ్మ చేతిలోకి, అక్కణ్ణుంచి కొవ్వుముద్దలోకి, ఆపైన పాలలోకి. ఒక్క గుక్క పడి ఉంటే లువ్సన్ తాత కడుపు కూడా చూసొచ్చేది. నేను పుట్టాక అన్ని చోట్లకి ఎప్పుడూ వెళ్లలేదు.

ఆ ఏడు గడ్డి ఎంత ఏపుగా వచ్చిందంటే, మా గొర్రెలు మేస్తూ మేస్తూ నిద్రపోయేవి, నిద్రలో కూడా మేసేవి. మధ్యాహ్నం అయ్యేసరికి దూరపు కొండలు నేలమీంచి జానెడు పైకి లేచి గాల్లో నిలబడేవి. నాయనమ్మ గుడారం గుమ్మంలో కూచుని వాటివైపు చూసి, "కొండలకి ఇవాళ పనిలేనట్టుంది" అనేది. సాయంత్రానికి అవి మళ్లీ దిగి వాటి చోట్లో అవి కూచునేవి.

మా ఇంట్లో తలా ఒక పని. నాన్న పందెం గుర్రాల్ని తయారు చేస్తాడు. అమ్మ ఆడగుర్రాల పాలు పితుకుతుంది. నాయనమ్మ పొద్దున్నే ఆకాశానికి పాలు చిలకరించి, అది పడిపోకుండా చూసుకుంటుంది. తమ్ముడు బిల్గూన్ గుర్రం ఎక్కుతాడు. అబద్ధాలు నా శాఖ.

ఆ శాఖలో నాకు మంచి పేరుండేది. చందమామకి చిరుగు పడితే మా మేనమామ నిచ్చెనేసుకుని వెళ్లి ఉన్ని కంబళితో మాసికేసి వచ్చాడని నేను చెబితే, బిల్గూన్ రెండు పున్నములు ఆ కుట్లు వెతికాడు. చలికాలంలో వాడికి ఆరూల్ అని చెప్పి బళ్లోంచి తెచ్చిన సుద్దముక్క పెట్టాను. ఆరూల్ అంటే ఎండబెట్టిన పెరుగు గడ్డ, రాయిలా ఉంటుంది. వాడు ఆ సుద్దముక్క సగం తినేశాక, "ఈసారి పుల్లగా కుదర్లేదు" అన్నాడు. ఆ తరవాత నుంచి నేనేం చేతికిచ్చినా వాడు ముందు దాంతో గుడారం గోడమీద గీత గీసి చూసేవాడు.

గుర్రప్పందేలు జరిగే నాదామ్ పండగ దగ్గరపడింది. నాన్న పెద్ద గుర్రాల్ని తోలుకుని ముందే సూమ్‌కి వెళ్లిపోయాడు. మా బడీ ఆస్పత్రీ దుకాణాలూ ఉన్న ఊరు అది. బిల్గూన్ మాత్రం రోజూ పొద్దున్నే గోధుమ రంగు గుర్రాన్ని పరిగెత్తించి చెమట పట్టించి తీసుకొచ్చేవాడు.

ఆ పొద్దున గుర్రం ఒంటరిగా వచ్చింది.

వెనకాల చాలా దూరంలో, గడ్డిలో, ఓ చిన్న మచ్చ నడుచుకుంటూ వస్తోంది. దగ్గరికొచ్చాక అది మా తమ్ముడు అయింది. గుర్రం ముందుకాలు నేల ఉడత బొరియలో పడిందట, వీడు దాని మెడమీంచి ఎగిరి మూతిమీద దిగాడట. గడ్డం నిండా రక్తం. గుర్రాన్ని, ఉడతని, ఉడత వాళ్లమ్మని కలిపి తిట్టుకుంటూ వస్తున్నాడు కాబట్టి తల బాగానే ఉందని మాకు అర్థమైంది.

"తల తిరుగుతోందా? కడుపులో తిప్పుతోందా?" అని అమ్మ వాడి బుర్రంతా తడిమింది.

"లేదమ్మా. ఇదుగో!" అని గుప్పిట తెరిచాడు. అందులో పన్ను. పై వరసలో ముందుది. వాడి మొహంలో ఏడుపు లేదు సరికదా, పండగ ఉంది. "నాయనమ్మా! అర్స్‌లాన్‌ని పిలు!"

మా వైపు పాలపన్ను ఊడితే గొర్రె తోక కొవ్వులో చుట్టి కుక్కకి పెడతాం. 'నా పాతపన్ను నువ్వు తీసుకో, నీలాంటి గట్టిపన్ను నాకియ్యి' అని చెప్పాలి. కుక్క మింగిందంటే బేరం కుదిరినట్టే. మా అర్స్‌లాన్ ఆ రకంగా మా ఇద్దరి పళ్లూ బోలెడు మింగాడు. పేరుకి సింహం, కానీ తోడేలు వస్తే ఒక కన్ను తెరిచి, వచ్చింది తోడేలే అని రూఢి చేసుకుని మళ్లీ మూసుకునే రకం.

నాయనమ్మ అప్పటికే కొవ్వు ముక్క కోసేసింది. పన్ను అందులో పెట్టి చుట్టూ అదిమేసింది. అర్స్‌లాన్ లేచి నిలబడ్డాడు. వాడు లేచి నిలబడడం నేను ఆ ఏడు చూడడం అదే మొదలు.

నాకు చప్పున నా వేషం గుర్తొచ్చింది.

వసంతకాలంలో మా బడికి పళ్ల డాక్టరమ్మ వ్యాన్ వచ్చింది. డాక్టరమ్మ పేరు దుల్మా. పిల్లలకి పాఠం చెప్పడానికి నాటిక వేయిస్తానంటే, అల్లరి తగ్గుతుందని పంతులమ్మ నన్ను ముందుకి తోసింది. నాది పన్ను వేషం. తెల్ల కంబళి చుట్టి, దెబ్బ తగిలి ఊడి కింద పడ్డట్టు బల్లమీంచి దూకించారు. నా మాటలు ఇవి: 'అయ్యో, నేను పాలపన్నుని కాను, ఊడి మళ్లీ వచ్చిన పన్నుని, నేను పోతే ఇంక రాను! నెత్తి పట్టుకోండి, కాళ్లు ముట్టుకోకండి! నన్ను తోమకండి, ఎండనివ్వకండి! వీలైతే వెంటనే నా గుంటలో పెట్టేయండి, లేదంటే పాలల్లో పడుకోబెట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తండి! పాలపన్నైతే మాత్రం మళ్లీ గుంటలో పెట్టొద్దు!' ఆ ముక్కలు అప్పజెప్పి అప్పజెప్పి నిద్రలో కూడా పలికేదాన్ని. హాస్టల్లో పక్క మంచం పిల్ల భయపడి మంచం మార్చుకుంది.

"నాయనమ్మా, ఆగు! అది పాలపన్ను కాదు!"

"ఇంత బుల్లి పిల్లాడికి పాలపళ్లు కాక ఇంకేం ఉంటాయే?"

"అది ఊడి మళ్లీ వచ్చిందే. చలికాలంలో దీని పాతపన్నుని మనం అర్స్‌లాన్‌కి పెట్టాం."

"అది పక్కది."

"ఇదే!"

"నువ్వు ఇదంటున్నావు కాబట్టి కచ్చితంగా పక్కదే."

"ఇది పోతే ఇంక రాదు నాయనమ్మా, నిజం. డాక్టరమ్మ చెప్పింది."

"ఏ డాక్టరమ్మ? చందమామకి కుట్లేసిన ఆవిడా?"

"కుట్లేసింది మామయ్య," అన్నాడు బిల్గూన్ రక్తం ఉమ్ముతూ. "అక్కా, నువ్ తప్పుకో. నాకు కొత్తది రావాలి."

నేను అమ్మవైపు చూశాను. అమ్మ వాడి నోట్లో మడతపెట్టిన శుభ్రమైన గుడ్డ పెట్టి, "కొరికిపట్టుకో, రక్తం ఆగుతుంది" అంటోంది. నావైపు చూసింది. ఆ చూపులో నేను ఇంతవరకూ చెప్పిన అబద్ధాలన్నీ వరసగా నిలబడి నాకు దణ్ణం పెట్టాయి.

అర్స్‌లాన్ నోరు తెరిచాడు.

"నాయనమ్మా," అన్నాను. "చలికాలంలో అర్స్‌లాన్‌కి పాతపన్ను ఇచ్చాం. వాడు పుచ్చుకున్నాడు. బదులు కొత్తపన్ను ఇచ్చాడు. అవునా?"

"అవును."

"మరి వాడిచ్చిన పన్ను తీసి మళ్లీ వాడి నోట్లోనే పెడితే వాడేమనుకుంటాడు? నీ సరుకు మాకొద్దు, నువ్వే ఉంచుకో అన్నట్టు కాదూ?"

నాయనమ్మ చెయ్యి గాల్లో ఆగింది. ఆవిడ కుక్కవైపు చూసింది. కుక్క ఆవిడవైపు చూసింది. వాడి మొహంలో నిజంగానే కాస్త నొచ్చుకున్నట్టు కనిపించింది. ఆకలైనా అయ్యుండొచ్చు.

నాయనమ్మ కొవ్వు విప్పింది. పన్నుని ఎండలోకి ఎత్తి చూసింది. పైన కనిపించే తెలుపుకన్నా కిందున్న వేరు పొడుగ్గా ఉంది. చలికాలంలో ఊడిన బుల్లి గుల్లకి ఇలాంటి వేరు లేదు.

"నెత్తి పట్టుకో నాయనమ్మా. కాళ్లు ముట్టుకోకు."

"పంటికి కాళ్లేమిటే," అంటూనే ఆవిడ వేళ్లు పైకి జరుపుకుంది. ఖాళీ కొవ్వు అర్స్‌లాన్‌కి వేసి, "నీ మాట దక్కించాం నాయనా," అంది.

గుంటలో అప్పుడే పెట్టేద్దామని నేను వాడి దగ్గర కూచున్నాను. బిల్గూన్ గుడ్డతో సహా నోరు బిగించేశాడు. ముక్కుతోనే మాట్లాడాడు. "నువ్వా? నా నోట్లోనా? సుద్దముక్క పెట్టిందానివి!"

"ఇది నీ పన్నేరా!"

"గొర్రె పన్ను కాదని ఏంటి గ్యారంటీ?"

పట్టుకుని తెరిపిద్దామంటే పెదవి వాచిపోయింది, ముట్టుకుంటే కేకలు. "బలవంతం వద్దు," అంది అమ్మ. "పాలు." అని తోలుతిత్తి దగ్గరికి పరిగెత్తి చిప్పతో ఐరాగ్ తెచ్చింది. పులియబెట్టిన గుర్రంపాలు అవి.

"అది కాదమ్మా! పులిసింది పనికిరాదు. పన్నుకి మత్తెక్కుతుంది."

మత్తు సంగతి నా సొంత కల్పన. మిగతాది నిజం. నాయనమ్మ ఏటి ఒడ్డుకి వెళ్లి, చల్లగా ఉండాలని నీళ్లలో ముంచిపెట్టిన పొద్దుటి ఆవుపాల బిందె తెచ్చింది. పన్నుని రుద్దకుండా పాలతోనే ఒకసారి కడిగాం. మూతున్న సీసా ఇమ్మన్నాను. నాయనమ్మ ఒప్పుకోలేదు. తెల్లటి పాలకి మర్యాద ఉంటుందట. తాతయ్య వెండి గిన్నె తీసి, దానినిండా పాలు పోసి, పన్ను అందులో వదిలి, రెండు చేతులా నాకందించింది. నేను రెండు చేతులా అందుకున్నాను. మా ఇంట్లో నా చేతికి వెండిగిన్నె ఇవ్వడం అదే మొదటిసారి.

పండగ రోజుల్లో డాక్టరమ్మ వ్యాన్ సూమ్‌లోనే ఉంటుంది. అక్కడికి మోటారుసైకిలు అమ్మ నడిపింది. మధ్యలో తమ్ముడు, వెనకాల నేను, నా ఒళ్లో గిన్నె, గిన్నెమీద నా అరచెయ్యి. దారి అంటూ ఏం లేదు. గడ్డి రెండుగా విడిపోయేది, మేం వెళ్లాక మళ్లీ కలిసిపోయేది. కొండలు అప్పుడే గాల్లోకి లేస్తున్నాయి. చెయ్యి కాస్త ఎత్తి చూస్తే పాలల్లో ఆకాశం. అందులో ఒక మబ్బు మాతోపాటే వస్తోంది. పన్ను కనపడదు. తెలుపులో తెలుపు. ఉందో లేదో తెలియాలంటే గిన్నె కొంచెం వంచాలి. అప్పుడు అడుగునుంచి 'టింగ్' మంటుంది, ఎక్కడో చాలా దూరంలో ఒంటె మెడలో గంటలాగా.

కాసేపు అయ్యాక తమ్ముడు నా మోకాలు గిల్లాడు. వెనక్కి తిరక్కుండా, నోట్లో గుడ్డతోనే అడిగాడు. "ఉందా?"

గిన్నె వంచాను. టింగ్.

మళ్లీ కాసేపటికి, "ఉందా?"

టింగ్.

లువ్సన్ తాత గుడారం కనిపించే చోట మోటారుసైకిలు దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. అమ్మ దాన్ని తన్నింది. అది పట్టించుకోలేదు. "తాత జీపు అడుగు, పరిగెత్తు!" అంది. నేను గిన్నె రెండు చేతులా పట్టుకుని పరుగెత్తకుండా పరుగెత్తాను.

లువ్సన్ తాత మా వైపు పందేలకి జెండా ఊపే పెద్దమనిషి. మర్యాద అంటే ప్రాణం. గుడారం బయటే కూచున్నాడు. ఒక ఆడపిల్ల పాలగిన్నె రెండు చేతులా పట్టుకుని ఎదురొస్తే మా దేశంలో దానికి ఒకటే అర్థం, దీవించి తాగమని. తాత లేచాడు, చొక్కా గుండీ పెట్టుకున్నాడు, నేను నోరు తెరిచేలోపు గిన్నె రెండు చేతులా అందుకున్నాడు.

"తాతా..."

"ఉండమ్మా, ముందు మాట చెప్పాలి." గిన్నె నుదుటికెత్తాడు. "పాలలాంటి మనసుతో వచ్చావు. మీ ఆడగుర్రాల పాలు ఏరులై పారాలి. మీ గుడారం పొగ నిటారుగా లేవాలి. మీ తమ్ముడు గెలిచిన గుర్రం మీద..."

తాత దీవెనలు మొదలుపెడితే మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. ఒకసారి ఆయన దీవిస్తుండగా పెళ్లికొడుక్కి గడ్డం పెరిగింది. ఆ రోజు ఆ దీవెన మా మూడు మందలకీ, ఏటికీ, ఎగువ గాలికీ, దిగువ గాలికీ చుట్టొచ్చాక, చివరికి గిన్నె ఆయన పెదవుల దగ్గరికొచ్చింది.

"తాతా, అందులో పన్నుంది!"

తాత కళ్లు మాత్రం పైకెత్తాడు. "ఎవరిది?"

"బిల్గూన్‌ది."

"నోట్లో ఉండాల్సింది కదా?"

"అందుకే తీసుకెళ్తున్నాం."

ఆయన గిన్నె వంచి విన్నాడు. టింగ్. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి పాలు తిరస్కరించకూడదు. ఉంగరం వేలు అంచున తడిపి ఆకాశానికి మూడు చుక్కలు చిలకరించి, గిన్నె నాకు తిరిగిచ్చి, జీపు తాళం కోసం లోపలికి నడిచాడు. "పళ్లున్న పాలు తాగే వయసు కాదు నాది," అని గొణుక్కున్నాడు.

జీపుకి తలుపు ఒకటే ఉంది. మిగతా వైపుల్నించి గాలి, గడ్డి వాసన, మిడతలు లోపలికొచ్చి కూచున్నాయి. తమ్ముడు అడుగుతూనే ఉన్నాడు. గిన్నె జవాబు చెబుతూనే ఉంది.

పండగ మైదానం అంచున డాక్టరమ్మ వ్యాన్ ఆగి ఉంది. దుల్మా డాక్టరమ్మ గుమ్మంలోనే నన్ను గుర్తుపట్టింది.

"అరే, మన పన్ను! ఏంటి సంగతి?"

"ఈసారి నేను కాదు డాక్టరమ్మా. వీడు."

ఆవిడ నవ్వు ఆపి గిన్నె అందుకుంది. "పడి ఎంతసేపైంది?"

"ఆడగుర్రాల్ని ఒకసారి పితికాక, మళ్లీ పితకడానికి ఇంకా పిలవనంత సేపు."

"రెండు గంటలకోసారి పితుకుతారు కదా, అంటే గంట పైమాటే. పాలల్లో కాకుండా బయట ఎంతసేపుంది?"

"చాయ్ మరిగేంత. అందులో కాసేపు కొవ్వులో ఉంది."

"కొవ్వులో ఎందుకుంది?"

అమ్మ, నేను, లువ్సన్ తాత నేలవైపు చూశాం. వ్యాన్‌లో నేల చాలా శుభ్రంగా ఉంది.

డాక్టరమ్మ పన్నుని నెత్తి దగ్గర పట్టుకుని ఉప్పునీళ్లతో కడిగింది. తమ్ముణ్ణి కుర్చీలో పడుకోబెట్టింది. సూది చూసి వాడు కళ్లు నావైపు తిప్పాడు.

"నొప్పేస్తుందా?"

నేను సామాన్యంగా ఇలాంటి అవకాశం వదలను.

"సూది కొంచెం. తరవాత ఉండదు," అన్నాను.

వాడు నోరు తెరిచాడు. డాక్టరమ్మ పన్ను గుంటలో పెట్టి వేలితో మెల్లగా నొక్కింది. పక్క పళ్లకి సన్నటి తీగతో కలిపి అతికించింది. వ్యాన్ కిటికీలోంచి బయట గుర్రాల తోకలు కడుతున్న పిల్లలు కనిపిస్తున్నారు. వాళ్ల టోపీలు రంగురంగులుగా కదులుతున్నాయి. బిల్గూన్ వాటివైపు చూడలేదు, పైకప్పుకేసి చూస్తూ పడుకున్నాడు.

"అతుక్కుంటుందా డాక్టరమ్మా?" అంది అమ్మ.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. గంటకి పైగా బయటుంది. పాలల్లో ఉంది కాబట్టి ఆశ ఉంది. రెండు వారాలకి తీగ తీస్తాను. మెత్తటి తిండి పెట్టండి. గుర్రం ఎక్కకూడదు. తరవాత కూడా చూపిస్తూనే ఉండాలి, లోపల వైద్యం అవసరం పడొచ్చు. రంగు మారుతోందేమో, కదుల్తోందేమో చూస్తుండండి."

అలా ఆ ఏడు నాదామ్‌లో మా గోధుమ గుర్రం పరిగెత్తలేదు. నాన్న ఒకసారి గుర్రం మెడ నిమిరాడు, ఒకసారి తమ్ముడి మెడ నిమిరాడు, అంతే. గుర్రం దిగులేం పెట్టుకోలేదు. పండగంతా గడ్డి తిని లావెక్కింది.

మిగిలిన వేసవంతా మేం బిల్గూన్ నోరు చూస్తూ గడిపాం. పొద్దున్నే లేచి ముందు ఆకాశం, తరవాత వాడి పన్ను. "ఇవాళ ఎలా ఉంది?" అంటే వానగురించో పన్ను గురించో అడిగినవాళ్లకే తెలియాలి. నాయనమ్మ పాలు చిలకరించేటప్పుడు నాలుగు దిక్కులకీ చిలకరించి, ఐదో చెంచా వాడి మూతివైపు విసిరేది. మీగడ, సేమ్యా చారు, మళ్లీ మీగడ. తమ్ముడు ఎంత మెత్తగా అయిపోయాడంటే, నొక్కితే వేలు గుర్తు పడేది. తీగ తీశాక పన్ను కొంచెం పసుపు తిరిగినట్టనిపించింది. ఎండవల్ల అంది అమ్మ. అందరం ఎండవల్లే అనుకున్నాం, మబ్బు పట్టిన రోజుల్లో కూడా.

నా కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. ఇంట్లోవాళ్లు నన్ను నమ్మడం మొదలుపెట్టారు.

ముందు నాకు అర్థం కాలేదు. ఒకరోజు సరదాకి, "రాత్రిపూట అర్స్‌లాన్ పక్కన పడుకుంటే పన్ను తొందరగా అతుక్కుంటుందట" అన్నాను. మా దగ్గర కుక్క గుడారంలో అడుగుపెట్టకూడదు, మంచు తుఫానొచ్చినా సరే. నాయనమ్మ నా మొహం కేసి ఒక్క క్షణం చూసింది. లేచి తలుపు తెరిచి, "రా నాయనా" అంది.

"నాయనమ్మా! అబద్ధం! సరదాకి అన్నాను!"

"ముందే చెప్పొద్దుటే!" అంది ఆవిడ. కానీ అర్స్‌లాన్ అప్పటికే పొయ్యి పక్కన కాళ్లు చాపేశాడు. వాణ్ణి బయటికి లాగడానికి నలుగురం, ఒక తాడు, చివరికి గుర్రం కావాల్సొచ్చింది. ఆ తరవాత నేను నోరు తెరవడానికి ముందు ఒకసారి ఆలోచించాల్సి వచ్చేది. అంతకన్నా పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేదు.

గడ్డి పసుపెక్కింది. కొండలు గాల్లోకి లేవడం మానేశాయి. డాక్టరమ్మ వ్యాన్ ఆ ఏటికి ఆఖరిసారి వచ్చి, వాడి పన్ను తట్టి, అటూ ఇటూ కదిపి చూసి, "మొదటి మంచు పడ్డాక మెల్లగా గట్టివి కొరికి చూడొచ్చు" అని చెప్పి వెళ్లిపోయింది.

మొదటి మంచు మేం గుడారం విప్పే రోజు పొద్దున పడింది. ఉప్పు చల్లినట్టు, కాసేపే. నాన్న, అమ్మ కంబళ్లు చుట్టి లారీమీద కడుతున్నారు. గుడారం ఉన్నచోట గుండ్రంగా గడ్డి లేని నేల మిగిలింది. దాని మధ్యలో, పొయ్యి ఉండేచోట, నాయనమ్మ పెట్టెమీద కూచుంది. అర్స్‌లాన్ అక్కడే, ఇప్పుడు అది లోపలా బయటా అన్న గొడవ లేదు కాబట్టి, హాయిగా పడుకున్నాడు.

బిల్గూన్ నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "అక్కా, ఆరూల్ ఇవ్వు."

సంచిలో నాయనమ్మ వేసవంతా ఎండబెట్టిన గడ్డలున్నాయి. అన్నిటికన్నా గట్టిదాన్ని తీశాను. లారీ దగ్గర తాళ్లు కట్టడం ఆగింది. నాయనమ్మ జపమాల తిప్పడం ఆపింది.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గీత గీసి చూడ్డానికి గోడ లేదు. అప్పటికే చుట్టేశాం.

"కొరకనా?" అన్నాడు. అమ్మనీ నాన్ననీ కాదు, నన్ను.

నాకు ఆ సుద్దముక్క గుర్తొచ్చింది.

"కొరుకు," అన్నాను.

వాడు కళ్లు మూసుకుని ముందుపళ్లతో కొరికాడు.

కటక్.

ఎవరం కదల్లేదు. మంచు పలుకు ఒకటి వాడి కనురెప్పమీద వాలి, కరిగి, చెంపమీదకి జారింది. బిల్గూన్ మెల్లగా కళ్లు తెరిచి, నోట్లో వేలుపెట్టి, తడిమి, తడిమి, సగం గడ్డ బయటికి తీశాడు. విరిగింది అదే.

రెండో సగం వాడి చేతిలో ఉంది. వాడు కాసేపు చూసి, నేలమీదకి వంగి, దాన్ని అర్స్‌లాన్ ముందు పెట్టాడు.

అర్స్‌లాన్ ఒక కన్ను తెరిచి, ఆరూలే అని రూఢి చేసుకుని, తిన్నాడు.